సన్నాయి బాజీ గడ్డం

2024 ఏప్రిల్ నెల. నరసరావుపేటలోని మా పళ్ల ఆసుపత్రిలో నేను మళ్లీ డ్యూటీలో చేరి పది రోజులైంది. పాపకు అప్పుడే ఆరో నెల. దాన్ని అత్తయ్యకు అప్పగించి వచ్చి, ఒక చెవి పేషెంటు మాటకూ ఇంకో చెవి ఫోనుకూ పెట్టి పనిచేస్తున్న రోజులు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ కేసులో మొదటి తప్పు నాదే. నెపం పాప మీదకు నెట్టను గానీ, ఆ రోజు నా ధ్యాస ఎక్కడుందో మీకు తెలియాలి.

నేను బీడీఎస్ చదివాను. పన్ను తీయడం, పుచ్చుకు సిమెంటు నింపడం, రూట్ కెనాల్ చేయడం నా పని. దవడ ఎముకల ఆపరేషన్లకు మాత్రం గుంటూరు నుంచి వారానికి రెండు రోజులు ఒక సర్జన్‌గారు వస్తారు. ఆయన్ను మాక్సిల్లోఫేషియల్ సర్జన్ అంటారు, అంటే ముఖం ఎముకల డాక్టరు. ఆ పేరు మా స్టాఫ్‌లో ఎవరికీ నోరు తిరగదు కనుక అందరికీ ఆయన పెద్దసారే. పెద్దసార్ దగ్గరకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది బైకు మీద నుంచి పడి దవడ విరగ్గొట్టుకున్నవాళ్లు. ముఖం తీరు మార్చుకోవాలని వచ్చేవాళ్లు నెలకు ఒకరో ఇద్దరో ఉంటారు.

బాజీ అలా వచ్చినవాడే. ఇరవై ఆరేళ్ల కుర్రాడు, గురజాల దగ్గర పల్లె. మాస్కు పెట్టుకొని వచ్చాడు. మాస్కు తీస్తే దాని కింద ఒత్తుగా పెంచిన గడ్డం. కుర్చీలో కూర్చోగానే ముఖం పక్కకు తిప్పాడు.

“ముందు నుంచి చూడొద్దు మేడం. ఇట్టా పక్కనుంచి చూడండి.”

చూశాను. నుదురు, ముక్కు చక్కగా ఉన్నాయి. కింది పెదవి దాటాక మాత్రం గడ్డం ఎముక ముందుకు రావలసిన చోట లోపలికి పోయింది. పెదవి నుంచి మెడ దాకా ఒకటే ఏటవాలు. వెంట్రుకలు ఎంత పెంచినా పక్కనుంచి చూస్తే ఆ లోటు తెలిసిపోతోంది. పళ్లు మాత్రం పైవీ కిందవీ సరిగ్గా కలుస్తున్నాయి. అంటే దవడ మొత్తం జరపాల్సిన అవసరం లేదు, గడ్డం ఎముక ఒక్కటే చిన్నది. ఇలాంటివాళ్లకు చేసే ఆపరేషన్‌ను చిన్ ఆగ్మెంటేషన్ అంటారు. గడ్డాన్ని ముందుకు తెచ్చి ముఖానికి పొందిక తేవడం.

కేస్ షీట్ రాయడం నా పని. పేరు, వయసు, షుగర్, బీపీ, పాత జబ్బులు.

“ఏం పని చేస్తారు?”

ఒక్క క్షణం ఆగాడు. “వ్యవసాయం మేడం. మిరప.”

నోరు తెరిపించి చూస్తే కింది పెదవి లోపలి వైపు చర్మం తెల్లగా, మందంగా, గీత గీసినట్టు గట్టిపడి ఉంది. టెన్షన్ మనుషులు పెదవి కొరుక్కుంటే ఇలా అవుతుందని కాలేజీలో చదివిందే.

“పెదవి కొరికే అలవాటుందా?”

“ఆ... ఉంది మేడం.”

“మానెయ్యండి. పుండు పడుతుంది.”

“సరే మేడం,” అన్నాడు చాలా బుద్ధిగా. అప్పుడే నా జేబులో ఫోను మోగింది. అత్తయ్య. పాప పాలు కక్కిందట. ‘లిప్ బైటింగ్ హ్యాబిట్’ అని షీట్ మీద రాసేసి బయటకు పరుగెత్తాను.

పెద్దసార్ ఇలాంటి కేసుల్లో అందరినీ ఒకటే ప్రశ్న అడుగుతారు. ఎందుకు చేయించుకోవాలనుకుంటున్నావు? ఎవరన్నా చేయించుకోమన్నారా? బాజీ “ఫొటోల్లో బాగా పడట్లేదు సార్, ఎవురూ చెప్పలేదు, నేనే” అన్నాడు. ముఖానికి పక్కనుంచి ఎక్స్‌రే తీయించారు. దాన్ని సెఫలోగ్రామ్ అంటారు. దాని మీద ముక్కు, పెదవి, గడ్డం కలుపుతూ గీతలు గీసి, ఎన్ని మిల్లీమీటర్లు ముందుకు తేవాలో లెక్కవేశారు. నోటి లోపలి నుంచి కోసి, గడ్డం ఎముక కింది ముక్కను వేరుచేసి, సొరుగు లాగినట్టు ముందుకు లాగి చిన్న ప్లేటుతో బిగించడం ఆయన ఆలోచన. స్లైడింగ్ జీనియోప్లాస్టీ అంటారు. ఆపరేషన్‌కు శనివారం అనుకున్నారు.

శుక్రవారం మధ్యాహ్నం బాజీ అడ్మిట్ అయ్యాడు. కన్సెంట్ ఫారం చదివి వినిపించడం నా వంతు. ఆపరేషన్‌లో ఏమేం జరగవచ్చో అన్నీ చెప్పి, అర్థమైందని సంతకం తీసుకునే కాగితం అది. నిజం చెప్పాలంటే చాలామంది సగంలోనే “ఎక్కడ పెట్టాలి మేడం?” అంటారు. నేనూ గబగబా చదువుతూ పోతున్నాను. నాలుగో పాయింటు దగ్గర బాజీ చెయ్యెత్తాడు.

“ఆగండాగండి. మొద్దుబారడమంటే? పన్ను పీకేటప్పుడు ఇంజెక్షన్ ఇస్తే ఉంటదే, అట్టానా?”

“దాదాపు అలాగే. గడ్డానికీ కింది పెదవికీ స్పర్శ తెచ్చే నరం ఒకటుంది. మెంటల్ నర్వ్ అంటారు. ఆపరేషన్‌లో అది కాస్త సాగుతుంది.”

“నాకు మెంటల్ ఏంది మేడం!”

“పేరు అంతే, మనసుకు సంబంధం లేదు. కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు పెదవి తెలియకపోవచ్చు. చాలా అరుదుగా అలాగే ఉండిపోవచ్చు కూడా.”

బాజీ పెన్ను బల్ల మీద పెట్టేశాడు.

“మరి ఊదేదెట్టా మేడం?”

“ఏం ఊదాలి?” నాకు నిజంగా అర్థం కాలేదు. మిరప చేలో ఊదేదేముంటుంది?

“సన్నాయి మేడం. నాదస్వరం. మా తాత, మా నాయన, నేను. మాది గుడి మేళం. పెళ్లిళ్లకూ పోతాం.”

పెదవి లోపలి ఆ గట్టి గీత నా కళ్ల ముందు మెరిసింది. ఏళ్ల తరబడి నాదస్వరం పీకను, అంటే ఊదే కొసన బిగించే ఆ చిన్న ముక్కను, పెదవుల మధ్య పట్టి పట్టి కాయ కాచిన చోటు అది. నేను దాన్ని అలవాటు అని రాసి, మానెయ్యమని సలహా కూడా ఇచ్చాను.

“ముందే చెప్పొచ్చుగా!”

“చెబుదామనే వచ్చా. ఇంతకుముందు ఒక డాక్టరు, ఊదీ ఊదీ ఇట్టా అయింది, మానేస్తే సరి అన్నాడు. మీరూ అదే అంటారని భయమేసింది. తీరా మీరు పెదవి కొరకడం మానెయ్యమన్నారు. ఇంటికిబొయ్యి మా డోలు ఆయనకు చెబితే పడీపడీ నవ్వాడు.”

ఊదినంత మాత్రాన గడ్డం లోపలికి పోదని, అది పుట్టుకతో వచ్చిన ఎముక తీరని అతనికి అప్పుడే చెప్పాను. ఆ పని పది రోజుల ముందే చేయాల్సింది.

పెద్దసార్‌కు ఫోన్ చేస్తే ముందు నన్ను నాలుగు అన్నారు, తర్వాత బాజీని నాలుగు అన్నారు, ఆపరేషన్ ఆపేశారు. చివర్లో “సోమవారం ఆ వాయిద్యం తీసుకొని రమ్మను” అన్నారు.

సోమవారం బాజీ సంచిలో నాదస్వరంతో వచ్చాడు. పెద్దసార్ తన గదిలో నిలబెట్టి ఊదమన్నారు. ఆయన చూడాల్సింది పెదవులూ గడ్డం కండరాలూ. కానీ నాదస్వరం నాలుగు గోడల మధ్య ఊదితే ఎలా ఉంటుందో మాకెవరికీ తెలియదు. మొదటి స్వరానికే ట్రేలో సామాను గలగలలాడింది. బయట వెయిటింగ్ హాల్లో కూర్చున్నవాళ్లంతా లేచి తలుపు దగ్గరకు వచ్చారు. పన్ను తీయించుకొని దూది కరిచిపట్టుకున్న ఒక పెద్దావిడ ఆ దూది తీసి మరీ అడిగింది.

“ఏమే, లోపల పెళ్లా ఏంది?”

“కాదు అవ్వా, పరీక్ష,” అంది మా సిస్టర్.

“మంచి పరీచ్చ. ఇంకోటి వాయించమను.”

పెద్దసార్ అది వినిపించుకునే స్థితిలో లేరు. కుర్చీ లాక్కొని బాజీ నోటికి జానెడు దూరంలో కూర్చున్నారు. పీక పెదవుల మధ్య ఉండగానే ఇంకో సెఫలోగ్రామ్ తీయించారు. కంటితో చూసిందీ ఎక్స్‌రేలో పడిందీ కలిపితే తేలిందేమిటంటే, బాజీ కింది పెదవి పీకకు దిండులా ఉంటోంది, గడ్డం కండరం దాన్ని కింద నుంచి ఎత్తిపట్టుకుంటోంది. మేము శనివారం నోటి లోపలి నుంచి కోద్దామనుకున్నది సరిగ్గా ఆ కండరాన్నే.

“ఇప్పుడు చెప్పు,” అన్నారు పెద్దసార్. “నిజంగా ఎందుకు కావాలి నీకు ఈ గడ్డం?”

అప్పుడు చెప్పాడు బాజీ. “ఇంతకుముందు మేళాన్ని ఎవురూ చూసేవాళ్లు కాదు సార్, వినేవాళ్లు. ఇప్పుడు ప్రతి పెళ్లికీ వీడియోలు, రీల్సు. డోలు ఆయన్ను ముందు నుంచి తీస్తారు, నన్ను పక్కనుంచే తీస్తారు, సన్నాయి నిండుగా పడాలిగదా. బుగ్గలు ఉబ్బితే కింద ఏమీ ఉండదు నాకు. మెడలోంచి సన్నాయి మొలిచినట్టుంటా. కింద కామెంట్లు చూడాలి మీరు! పోనీలే అనుకున్నా. మొన్న మాఘంలో ఒక పెళ్లిలో ఈవెంట్ వాళ్లు మా బాబాయి కొడుకును ముందు నిలబెట్టారు. వాడికి ముఖం బాగుంటది, ఊదడం రాదు. వాడు ముందర యాక్షన్ చేశాడు. నేను పూలకుండీ ఎనక నిలబడి ఊదా.”



“గడ్డం ముఖ్యమా, ఊదడం ముఖ్యమా?” పెద్దసార్ అడిగారు.

“ఊదడమే సార్. కానీ పూలకుండీ ఎనక కాదు.”

నా ఉద్యోగంలో ఇంత సూటి జవాబు ఇంకెప్పుడూ వినలేదు.

పెద్దసార్ దారులన్నీ అతని ముందు పెట్టారు. ఏమీ చేయించుకోకపోవడం ఒకటి. ఫిల్లర్ అనే ఇంజెక్షన్‌తో గడ్డాన్ని కాస్త నింపడం ఒకటి. అది కొన్ని నెలలకు కరిగిపోతుంది, మళ్లీ మళ్లీ చేయించుకోవాలి. మూడోది ఇంప్లాంట్. గడ్డం కింద మడతలో చిన్న కోత పెట్టి, ఎముక మీద జేబులాంటిది చేసి, చెక్కిన సిలికాన్ ముక్కను అందులో కూర్చోబెట్టడం. నోటి లోపల కోత ఉండదు, పెదవిని ఎత్తే కండరాన్ని చాలావరకు తాకరు. “అయినా నరం పక్కనుంచే పోవాలి. మొద్దుబారదని మాటివ్వను,” అన్నారు. “ఆరు వారాలు ఊదకూడదు. పెదవి తేరుకోవడానికి ఇంకా టైం పట్టొచ్చు. అంత ఖాళీ నీకెప్పుడుంటుంది?”

బాజీ జేబులోంచి ఫోను తీయలేదు, క్యాలెండర్ అడగలేదు. గడగడా చెప్పాడు. “ఈ నెలాఖరు నుంచి మూఢం సార్. అది అయ్యీ అవ్వకముందే ఆషాఢం. శ్రావణం దాకా ముహూర్తాల్లేవు. మూడు నెలలు ఖాళీ. గుళ్లో మా నాయన చూసుకుంటాడు.”

“ఎలక్షన్ ప్రచారాలు ఉంటాయిగా?” అన్నాను.

“వాటికి డప్పులు పిలుస్తారు మేడం. సన్నాయితో ఓట్లు పడవంట.”

ఆపరేషన్ తేదీని మూఢం చూసి పెట్టడం పెద్దసార్‌కు అదే మొదటిసారి. మూఢంలో మంచి పనులు చేయరు కదా అని మా సిస్టర్ గొణిగింది. “మాకు అదే సీజన్ సెలవు సిస్టరూ, మీ మూఢమే మా మంచిరోజు,” అన్నాడు బాజీ.

ఆ వారమే మా కేస్ షీట్‌లో ఒక కొత్త గడి వచ్చింది. ‘వృత్తి’ కింద ‘నోటితో చేసే పని’ అని. పెద్దసార్ నన్నే చేత్తో రాయమన్నారు, శిక్షలాగా. అడగడం మొదలుపెట్టాక ఎన్ని జవాబులొచ్చాయో! గుండుసూదులు పెదవుల మధ్య పెట్టుకొని కుట్టే దర్జీ. రోజంతా దారం పంటితో తెంపే పూలమ్మాయి. మిరపకాయల వేలంలో అరిచే ఆయన. రైట్ రైట్ అనడానికి ఈల వేసే కండక్టర్. ఒకావిడ మాత్రం “నోటితో చేసే పనా? కోడల్ని తిట్టడం” అంది. పక్కనే ఉన్న కోడలు “పన్ను పీకాక ఎన్ని రోజులు మాట్లాడకూడదు మేడం?” అని ఆశగా అడిగింది.

మే మొదటి వారంలో బాజీకి ఆపరేషన్ జరిగింది. గంటన్నర పట్టింది. నరం రెండు వైపులా కనబడుతూనే ఉంది, తెగలేదు. కానీ ఎడమవైపు ఇంప్లాంట్ కొసను కూర్చోబెట్టేటప్పుడు కాస్త సాగిందని పెద్దసార్ అక్కడే అన్నారు. మూడో రోజు పరీక్షిస్తే కుడివైపు పెదవికి స్పర్శ ఉంది, ఎడమవైపు లేదు.

ఈ పరీక్ష చాలా సాదాగా ఉంటుంది. పేషెంటును కళ్లు మూసుకోమని, దూదిని సన్నగా పురిపెట్టి పెదవి మీద అక్కడక్కడా ఆనిస్తాం. తెలిసినప్పుడల్లా వేలెత్తాలి. వేలు లేవని చోటల్లా పెన్నుతో చుక్క పెడతాం. బాజీ కింది పెదవి మీద ఎడమ సగమంతా నా చుక్కలే.

అతనికి దిగులు లేదు. పది రోజులకు వాపు తగ్గగానే అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు. కొత్త గడ్డం పెద్దదేమీ కాదు, ముక్కుకూ పెదవికీ తగినంత. పెంచిన వెంట్రుకలన్నీ తీయించేశాడు. “ఇప్పుడు మెడ యాడ మొదలవుద్దో తెలుస్తంది మేడం!” అన్నాడు.

దిగులంతా నాకే. రోజూ ఫోన్ చేసేదాన్ని. పెదవి తెలిసిందా? చిమచిమలాడుతోందా? నా కూతురికి జ్వరం వచ్చినప్పుడు థర్మామీటరు పదినిమిషాలకోసారి పెట్టే మనిషిని నేను. బాజీ వారం ఓర్చుకొని అన్నాడు, “మేడం, మా అమ్మ కూడా ఇన్నిసార్లు చెయ్యదు. తెలిస్తే నేనే చేస్తాగా.”

ఆరు వారాలయ్యాయి. చుక్కలు కొన్ని తగ్గాయి గానీ, సరిగ్గా పీక ఆనే చోట రూపాయి బిళ్లంత మేర అలాగే ఉంది. ఇంక ఊదవచ్చని పెద్దసార్ చెప్పారు. నాలుగు రోజుల తర్వాత బాజీ తనే ఫోన్ చేశాడు. గొంతులో నవ్వు లేదు.

“గాలి కారతంది మేడం. ఎడంపక్కనుంచి. పై స్వరం పట్టుకోబోతే పీక జారిపోతంది. అది జారినట్టు కూడా నాకు తెల్వట్లా. చెవికి తెలిసేసరికి స్వరం పోతంది.”

అతని నాన్నకు అప్పటిదాకా ‘పంటి పని, దాంతోపాటు గడ్డం సర్దుతారు’ అని చెప్పి, పెదవి సంగతి దాచాడట. కొడుకు సాధకం విన్న మొదటి రోజే ఆయనకు సంగతి తెలిసిపోయింది. మర్నాడు ఇద్దరూ వచ్చారు. తెల్ల లుంగీ, తెల్ల చొక్కా, అరవై దాటిన మనిషి. వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

“అమ్మా, మావాడి గడ్డం బాగుంది. చానా బాగుంది. పెదవేది?”



“నువ్వు ఊరుకో నాయనా. ముందే చెప్పారు, నేనే సంతకం పెట్టా,” అన్నాడు బాజీ.

“నిన్ను అడగలా. ఆ అమ్మాయిని అడుగుతున్నా.”

“వస్తుందండి,” అన్నాను. “నరం తెగలేదు, సాగింది. తేరుకుంటుంది. ఎప్పటికి అని మాత్రం చెప్పలేను. రాదేమోనని నాకూ భయంగానే ఉంది.”

ఆ చివరి మాట డాక్టరు అనకూడదు. నోటి నుంచి వచ్చేసింది. ఆయన నన్ను తేరిపార చూశాడు. ఆ తర్వాత ఆయన గొంతు మారింది.

“నాకు యాభై ఏళ్లప్పుడు ముందర రెండు పళ్లు ఊడినయ్యమ్మా. ఏడాది పాటు పిల్లకాయలా మళ్లీ నేర్చుకున్నా. సరే, ఊదరా, చూద్దాం.”

బాజీ ఊదాడు. రెండు స్వరాలు బాగున్నాయి, మూడోది చీలింది. నాన్న వినలేదు, చూశాడు. “తడుముతున్నాడు. చీకట్లో గుమ్మం తడిమినట్టు పెదవితో తడుముతున్నాడు. ఒరేయ్, అది నీకు చెప్పదు. చెప్పనిదాన్ని అడగబాక.” నా వైపు తిరిగి, “అద్దముందామ్మా?” అన్నాడు.

పళ్లు చూపించడానికి పేషెంట్లకు ఇచ్చే చేతి అద్దం ఇచ్చాను. దాన్ని కొడుకు ముఖం ముందు పట్టుకున్నాడు. “చూసి పెట్టు పీకని. ఎడంపక్క పెదవి మడత ఎంత లోనకి పోయిందో కంటితో చూడు. అది అట్టానే ఉంచు. ఇప్పుడు ఊదు. జారితే కన్ను చెబుద్ది.” పొట్లంలోంచి ఇంకో పీక తీశాడు, మెత్తటిది, నేర్చుకునే పిల్లలకిచ్చేది. బాజీ దాన్ని చూసి ముఖం చిట్లించాడు. “ఎగతాళి చేస్తారు నాయనా.” “పూలకుండీ ఎనక కంటే నయమే,” అన్నాడు ఆయన. ఆ సంగతి కూడా ఆయనకు తెలుసన్నమాట.

నాకు తెలిసిన సాధన కూడా బాజీకి నేర్పాను. మెత్తటి బ్రష్షుతో రోజుకు నాలుగుసార్లు పెదవి మీద మెల్లగా రుద్దడం, అది ఏ వైపు నుంచి ఏ వైపుకు పోతోందో అద్దంలో చూస్తూ మనసులో అనుకోవడం. సెన్సరీ రీట్రైనింగ్ అంటారు. మొద్దుబారిన చోటు నుంచి వచ్చే అరకొర కబుర్లను మెదడు మళ్లీ పోల్చుకునేలా నేర్పడం. బాజీ నాన్నదీ నాదీ ఒకటే మందని నాకు తర్వాత తట్టింది. ఆయన దాన్ని ఏ పుస్తకంలోనూ చదవలేదు. వెళ్తూ వెళ్తూ మా అద్దం చంకలో పెట్టుకొని “దీన్ని తీసకపోతన్నా” అన్నాడు. వద్దనే ధైర్యం ఎవరికుంది!

శ్రావణంలో మొదటి ముహూర్తాలు. నరసరావుపేటలోనే ఒక కల్యాణ మండపంలో పెళ్లి. బాజీ ఫోన్ చేసి రమ్మన్నాడు. “పెదవి సంగతి?” అన్నాను. “రూపాయి బిళ్ల అర్ధరూపాయి అయింది మేడం. మీరైతే రండి.”

పాపను చంకనేసుకొని వెళ్లాను. పిలవని పెళ్లికి వెళ్లినట్టు ఉంది గానీ, ఆ ఇంటివాళ్లు ఎవరి తాలూకు అని కూడా అడగకుండా టిఫినుకు కూర్చోమన్నారు. మేళం మండపానికి కుడివైపున ఉంది. బాజీ ముందు వరసలో నిలబడ్డాడు, పట్టుపంచె, నున్నటి గడ్డం. పూలకుండీలు వాటి చోట అవి ఉన్నాయి. వీడియో కుర్రాడు సరిగ్గా అతని పక్కకు వచ్చి కెమెరా పెట్టాడు. కానీ నేను చూస్తున్నది బాజీ వెనక నిలబడ్డ మనిషిని. అతని నాన్న ఇంకో నాదస్వరం పట్టుకొని, పీక పెదవుల మధ్య పెట్టి సిద్ధంగా ఉన్నాడు. ఊదడం లేదు. కొడుకు స్వరం చీలితే అదే క్షణంలో అందుకోవడానికి.

పెళ్లి మేళంలో మిగతా ఎక్కడ తప్పినా ఎవరూ పట్టించుకోరు. తాళి కట్టేటప్పుడు గట్టిమేళం దగ్గర మాత్రం తప్పకూడదు. పంతులుగారు చెయ్యి ఊపగానే డోళ్లూ నాదస్వరమూ ఒక్కసారిగా పైకి లేవాలి. తుమ్ములూ దగ్గులూ ఏడుపులూ ఏవీ ఆ జంట చెవిన పడకూడదని పెద్దవాళ్లు అంటారు. అంత పైస్వరం అంతసేపు నిలబెట్టాలి.

పంతులుగారు చెయ్యి ఊపారు. బాజీ బుగ్గలు నిండాయి. స్వరం లేచింది. నా చేతుల్లో పాప ఉలిక్కిపడి నా మెడ పట్టుకుంది. దాని గుండె కొట్టుకుంటోందో నాది కొట్టుకుంటోందో తెలియలేదు. మొదటి ముడి. స్వరం నిలిచింది. రెండో ముడి దగ్గర ఎడమ పెదవి అంచున సన్నగా ఉమ్మి మెరిసింది. గాలి కారుతోంది. బాజీ తల ఒక వెంట్రుకవాసి కుడికి వంచి, పెదవి సర్దుకొని, ఇంకా పైకి వెళ్లాడు. అప్పుడు చూశాను. వెనక ఆ పెద్దాయన తన పీకను నోట్లోంచి తీశాడు. తుడిచి, వాయిద్యం చంకలో పెట్టుకొని, కళ్లు మూసుకొని తల ఊపుతున్నాడు. మూడో ముడి ఇంకా పడనే లేదు.

అక్షింతలు అందరూ వధూవరుల మీద వేశారు. నావి కొన్ని మేళం వైపు కూడా పడ్డాయి.

ఈ కేసు నాకు నేర్పింది రెండు విషయాలు. ముఖం అంటే చూసేవాళ్లకు కనబడేది మాత్రమే కాదు. ఆ మనిషి దానితో తింటాడు, పిలుస్తాడు, ముద్దు పెడతాడు, బతుకుతాడు. ఎన్ని మిల్లీమీటర్లు అని కొలిచే ముందు ఆ పనులన్నీ అడిగి తెలుసుకోవాలి. రెండోది నాలాంటి గాభరా మనిషికి ఇంకా కష్టమైనది. చేయవలసింది చేశాక నరానికి దాని టైం దానికివ్వాలి. ఎన్ని ఫోన్లు చేసినా అది ముందుకు జరగదు. బాజీకి రోజూ చేసే ఫోన్ వారానికొకటి చేశాను, తర్వాత అదీ మానేశాను. ఎంత కష్టమైందో మా ఆయనకు తెలుసు.

కార్తీక మాసంలో ఒక పొద్దున ఓపీ నిండా జనం ఉండగా నా ఫోను మోగింది. బాజీ. స్పీకర్లో పెట్టకపోయినా పక్క కుర్చీ దాకా వినబడేంత అరుపు.

“మేడం! మూతి కాలింది!”

నా పై ప్రాణాలు పైనే పోయాయి. “ఎక్కడ? ఎలా? ఏం పడింది?”

“టీ మేడం! గుడి ముందర కొట్లో టీ తాగుతుంటే సుర్రుమంది. ఎడంపక్క! మళ్లీ తాగి చూశా, మళ్లీ కాలింది!”

మొద్దుబారిన పెదవికి వేడి తెలియదు. ఆరు నెలలుగా తెలియలేదు. నేను కుర్చీలోంచి లేచి నిలబడి “కాలిందా? నిజంగా కాలిందా?” అని అరుస్తుంటే, నోరు తెరుచుకొని కూర్చున్న పేషెంటు కంగారుగా నన్నే చూస్తున్నాడు. ఫోన్లో వెనక నుంచి పెద్దాయన గొంతు వినబడింది. “ఒరేయ్, ఆ అమ్మాయికి చెప్పావుగా, ఇంక చల్లార్చుకొని తాగు.”

“తాగను నాయనా,” అన్నాడు బాజీ. “ఇంకోటి పొయ్యమను. వేడిగా.”